పడుగు ఒక్కటే

తంగళ్ళపల్లి దాటి బస్సు మానేరు వంతెన ఎక్కింది. నా చిన్నప్పుడు ఈ వంతెన కింద ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ. ఇప్పుడు మధ్య మానేరు వెనక జలాలు ఊరి అంచుదాకా వచ్చి నిలుస్తున్నాయి. పొద్దుటి ఎండకు నీళ్లు తళతళలాడుతున్నాయి. పక్క సీట్లో పెద్దమనిషి కాళ్ల దగ్గరి సంచి ముడి బిగించుకుంటూ “సిరిసిల్ల అచ్చింది బిడ్డా, దిగుతవా?” అన్నాడు. దిగుతానన్నాను. జూబ్లీ బస్ స్టేషన్‌లో తెల్లవారుజామున ఎక్కి, సిద్దిపేట మీదుగా నూట నలభై కిలోమీటర్ల దాకా వచ్చాను. మూడు గంటలకు పైగా ఒకే ఆలోచన నాతోపాటు కూచుని వచ్చింది.

హైదరాబాద్‌లో మేం కొత్త ఫ్లాటు కొన్నాం. లోపలి పని చేయించడానికి ఒక డిజైనర్‌ని పిలిచాం. ఓపిక గల అమ్మాయి. గదులన్నీ కొలుచుకుని, “మీకు ఏ స్టైల్ కావాలి మేడమ్? మోడ్రనా, ట్రెడిషనలా, మినిమలా?” అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న సందుగ నా దగ్గరుంది. అమలాపురం వైపు నుంచి మా అత్తయ్య తెచ్చుకున్న ఉయ్యాల బల్ల ఉంది. మామయ్యగారి పడక కుర్చీ ఉంది. అద్దె ఇళ్లలో తిరిగినన్నాళ్లూ మాతో తిరిగిన సోఫా, మా అబ్బాయి కోసం ముక్కలుగా తెచ్చి బిగించిన తెల్ల టేబులు ఉన్నాయి. నేను సందుగ అనేదాన్ని మా ఆయన భోషాణం అంటాడు. పేరు దగ్గరే రెండు ఊళ్లు. “ఇవన్నీ ఒక్క హాల్లో పెడితే ఇల్లు సంతలా ఉంటుంది, ఏదో ఒకటి వదులుకోవాలి” అన్నాడాయన. ఏది వదలాలో ఇద్దరికీ తెలియలేదు.

ఆ సంగతి ఫోనులో చెబితే సిరిసిల్ల చిన్నమ్మ నవ్వింది. “మా ఇల్లు సూసిపో బిడ్డా. ఇండ్ల ఏదీ ఒక్క తీరుది కాదు. నువ్వచ్చి ఎన్నేండ్లయింది?” అంది. ఆ మాట పట్టుకుని బయలుదేరాను.

సిరిసిల్లను కంటికంటే ముందు చెవి గుర్తుపడుతుంది. బస్టాండు నుంచి నేత కార్మికుల వాడలోకి తిరిగితే సాంచాల చప్పుడు ఎదురొస్తుంది. బయటివాళ్లు మరమగ్గం అంటారు, పవర్‌లూమ్ అంటారు. ఇక్కడ అది సాంచె. ఈ ఊళ్లోనూ చుట్టుపక్కలా కలిపి పాతిక వేలకు పైగా సాంచాలున్నాయి. సందు ఇరుకు, ఇళ్లు ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉంటాయి, ప్రతి మూడో గోడ వెనకా ఇనుము కదులుతూ ఉంటుంది. మొదటి పది నిమిషాలు తల దిమ్మెక్కుతుంది. తర్వాత ఆ చప్పుడు గాలిలో కలిసిపోయి, మాట్లాడుకునేవాళ్ల గొంతులు దాని మీదుగా తేలిపోతూ వినిపిస్తాయి.

చిన్నమ్మ ఇంట్లో ముందు సాంచాలు, వెనక సంసారం. రోడ్డు వైపు రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు, దాని వెనక రెండు అర్రలు, వంటగది, దొడ్డి. “అచ్చినవా బిడ్డా, కాళ్లు కడుక్కో” అని చెంబు అందించింది. కాళ్లు కడుక్కుని కడప దాటాను. ఈసారి చుట్టంలా కాకుండా, ఆ డిజైనర్ అమ్మాయి కళ్లతో చూడాలని నిలబడ్డాను.

ఎదురు గోడకు స్టీలు గిన్నెల స్టాండు. చిన్నమ్మ భర్త చిన్నబాపు భివండిలో సాంచాల మీద పనిచేసిన రోజుల్లో కొన్నది. బొంబాయి చాలుల్లో నేల మీద చోటు చాలక జనం గోడకెక్కించుకున్న వస్తువు అది. భివండిలో పద్మనగర్ అని తెలుగువాళ్ల పేటే ఉంది. అక్కడ నాలుగేళ్లుండి, తిరిగి వస్తూ రైలెక్కించి తెచ్చాడు. పట్టె మంచం చిన్నమ్మ తాతగారిది. దాని మీద పరిచిన సోలాపూర్ చద్దరు ఆమె మేనత్త కొడుకు పెట్టిన కానుక. పద్మశాలీలు తరాల కిందటే సోలాపూర్ చేరి, అక్కడి నేతలో కలిసిపోయారు. బీరువా మీద ప్లాస్టిక్ కవరులో పులి బొమ్మ ఉన్న దుబాయి రగ్గు, పక్కన పెద్ద టీవీ, దాని పైన పాతకాలం గోడలో తొలిచిన గూడు, గూట్లో దీపం. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన దగ్గర ఒక మాట ఉంది. తెలంగాణ పల్లె బతుకుదెరువు వెతుక్కుంటూ పోయిన మూడు దారులు అవి. అందులో రెండు దారులు ఈ ఒక్క గదిలో కలిశాయి.

పుస్తకం ప్రకారం ఈ గది కుదరకూడదు. స్టీలు, టేకు, నైలాను, ప్లాస్టిక్, మట్టిగోడ ఒకేచోట ఉన్నాయి. అయినా ఆ గదిలో కూచుంటే కన్ను ఎక్కడా తట్టుకోలేదు. ఎందుకో అప్పటికి తెలియలేదు. మధ్యాహ్నం అన్నం తిని నేల మీద ఒరిగినప్పుడు మొదటి కారణం తగిలింది. కడప నుంచి వంటగది చివరిదాకా ఒకటే ఎర్రగచ్చు. ఎక్కడా మెట్టు లేదు, గీత లేదు, రంగు మారలేదు. ఏళ్ల తరబడి అరికాళ్లు రాసుకుని అద్దంలా నునుపెక్కింది. రెండో కారణం పైకి చూస్తే కనబడింది. తలుపు పరదా, కిటికీ పరదా, దిండ్ల గలీబులు, టీవీ మీది గుడ్డ, అన్నీ ఒకే గోధుమ తెలుపు నూలు. తమ సాంచె మీద దిగిన, అద్దకానికి పోని పచ్చి బట్ట.

సాయంత్రం చిన్నబాపు సాంచాల షెడ్డులోకి తీసుకెళ్లాడు. డెబ్బై దాటిన మనిషి. చప్పుడులో మాట వినబడాలని చెవి దగ్గరికొచ్చి మాట్లాడతాడు. నా ఇంటి గోల అంతా చిన్నమ్మ అప్పటికే చెప్పేసింది. ఆయన ఏమీ అనకుండా మూలనున్న పెట్టెలోంచి మూరెడు గుడ్డ తీశాడు. నమూనా కోసం ఎప్పుడో నేసినది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, నలుపు పట్టీలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఒకదానితో ఒకటి పొసగని రంగులు. కానీ గుడ్డగా చూస్తే ఏ రంగూ పక్క రంగును తోసేయడం లేదు.

“దగ్గర పెట్టి సూడు” అన్నాడు. చూశాను. ప్రతి రంగులోనూ సన్నగా తెల్ల పోగు కనబడుతోంది. “పడుగు తెలుపు. అన్నిట్ల గదే ఉన్నది. పేక మాత్రం నాడెల ఏ కండె పెడితే గది. ఎర్రదాంట్లనూ సగం తెలుపే, నల్లదాంట్లనూ సగం తెలుపే. అందుకే కొట్లాడుకుంటలెవ్వు.”

ఆ మాట తర్వాత ఆయన చెప్పింది ఇంకా ముఖ్యం. పేక మార్చడం నిమిషం పని. నాడె తీసి కండె మార్చాలి, అంతే. పడుగు మార్చాలంటే వేల పోగులు మళ్లీ భీముకు చుట్టాలి, ఒక్కొక్కటీ అచ్చులోంచి లాగి అతకాలి. వార్పిన్ కార్మికులు, వైపని కార్మికులు అని ఆ పనికి వేరే మనుషులే ఉన్నారు. అందుకని పడుగు విషయంలో ముందే ఆలోచిస్తారు, పేక విషయంలో ధైర్యం చేస్తారు. నేను ఆ షెడ్డులో నిలబడే నా ఫ్లాటును రెండు కుప్పలు చేసుకున్నాను. నేల, గోడ రంగు, కిటికీలు, దీపాల వెలుగు ఒక వైపు. ఇవి మార్చాలంటే ఇల్లు విప్పాలి, డబ్బు పోయాలి. సందుగ, ఉయ్యాల, కుర్చీ, సోఫా, టేబులు మరో వైపు. ఇవి ఈరోజు ఇక్కడుంటాయి, రేపు అక్కడుంటాయి. మొదటి కుప్ప ఒకటిగా ఉంటే రెండో కుప్ప ఎన్ని ఊళ్లదైనా ఫరవాలేదు. మేమిద్దరం ఇన్నాళ్లూ తలకిందులుగా వాదించుకున్నాం. వస్తువులన్నీ ఒక తీరువి కావాలన్నాం. గదికో నేల, గదికో వెలుగు వేసుకోవడానికి మాత్రం సిద్ధపడ్డాం.

ఈ ఊరికి ఆ విద్య ఊరికే రాలేదు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు ఈ ఊరివాడు. ఆ సన్నదనం చేతిమగ్గానిది. తర్వాతి కాలమంతా సాంచాలది. లంగా బట్ట, పాలిస్టర్, పచ్చి నూలు బట్ట ఇక్కడి రోజువారీ తిండి. గిరాకీ లేని రోజుల్లో ఎన్ని ఇళ్లలో దీపం ఆరిపోయిందో తెలంగాణకు తెలుసు. ఆ బాధ చెబుతున్నప్పుడు చిన్నమ్మ గొంతు ఇప్పటికీ తగ్గుతుంది. 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ చీరలు ఇక్కడే నేయించారు. ఏడాదికి కోటి చీరల దాకా పని. ఆ తర్వాత మహిళా సంఘాల చీరలు వచ్చాయి. పని ఉన్న నెలల్లో ఇంటికి ఒక వస్తువు వచ్చింది, పని లేని నెలల్లో ఒక మనిషి ఊరు దాటాడు. ఆ గదిలోని స్టీలు స్టాండు, చద్దరు, రగ్గు అన్నీ అలా వెళ్లిన మనుషుల చేతుల మీదుగా వచ్చినవే. వాటిలో ఒకటి తీసేస్తే ఒక ప్రయాణం చెరిపేసినట్టే.

ఆ రాత్రి ఒక సంగతి జరిగింది. సాంచాల పక్క అర్రలోనే పడుకున్నాను. నిద్ర పట్టదనుకున్నాను, పట్టింది. ఏ జామునో కరెంటు పోయింది. వాడంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. నాకు మెలకువ వచ్చింది. చూస్తే చిన్నమ్మ కూడా లేచి కూచుంది, చిన్నబాపూ లేచాడు. ఎదురింట్లో ఎవరో తలుపు తీసిన చప్పుడు. “సాంచలాగితె నిద్ర రాదు బిడ్డా” అంది చిన్నమ్మ చీకట్లో. కరెంటు వచ్చి ఇనుము మళ్లీ కదిలాక అందరం పడుకున్నాం.

మర్నాడు చిన్నమ్మ తమ్ముడింటికి వెళ్లాం. నాకు మామ వరుస. ఆయన ఊరు ఇప్పుడు లేదు. మానేరు మీద మధ్య మానేరు జలాశయం కట్టినప్పుడు కొదురుపాక, వరదవెల్లి, చింతల్‌ఠాణా, చీర్లవంచ లాంటి ఊళ్లు నీటి కిందికి పోయాయి. పాతిక టీఎంసీలకు పైగా నీళ్లు నిలిచే చోట ఒకప్పుడు వాకిళ్లూ, బాయిగడ్డలూ, బొడ్రాళ్లూ ఉండేవి. జనం పునరావాస కాలనీలకు చేరారు. వీధులు తిన్నగా ఉన్నాయి, ప్లాట్లు ఒకే కొలతవి, స్లాబు ఇళ్లు వరుసగా నిలబడ్డాయి. దూరం నుంచి అన్నీ ఒకలాగే కనబడతాయి. దగ్గరికెళ్తే చాలా గుమ్మాల్లో పాత దర్వాజలున్నాయి. ఇల్లు కూల్చేముందు ఎవరి దర్వాజ వాళ్లు ఊడదీసుకుని, ట్రాక్టరు మీద ఎక్కించుకుని తెచ్చుకున్నారు.

మామ దర్వాజ టేకుది. రెండు రెక్కలు, ఇత్తడి బుడిపెలు, పై కమ్మీ మీద తామరపువ్వుకు అటూ ఇటూ చిలకలు. ఎత్తు అయిదున్నర అడుగులు. పాత ఇంట్లో రెండడుగుల మట్టిగోడలో కూచున్న చౌకట్టు అది. కొత్త ఇంటి గోడ తొమ్మిది అంగుళాలే. మేస్త్రీ చౌకట్టు కోయాలన్నాడు. మామ కోయనివ్వలేదు. ముందరి గోడ ఒక్కదాన్ని దర్వాజకు సరిపడా మందంగా కట్టించాడు. మందం పెరిగాక లోపలి వైపు రెండు గూళ్లు తొలిపించడానికి చోటు దొరికింది. ఇప్పుడు ఒక గూట్లో దీపం, ఇంకో గూట్లో వైఫై పెట్టె.

నేను ఆ గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పాత వస్తువును కొత్తింట్లో పెట్టడమంటే ఖాళీ చూసి ఇరికించడం అనుకుంటాం. మామ ఆ వస్తువు కోసం ఇంటినే ఒకచోట మార్చాడు. అందుకే అది అతికించినట్టు లేదు, అక్కడే మొలిచినట్టు ఉంది. మిగతా ఇల్లంతా సాదా తెలుపు, అల్యూమినియం కిటికీలు, నాపబండలు. దర్వాజ చుట్టూ మూడడుగుల మేర గోడకు ఏమీ తగిలించలేదు. పెద్దమనిషి కూచున్నప్పుడు పక్కన కాస్త జాగా వదిలినట్టు వదిలారు. లోపలికి వెళ్లాలంటే ఎవరైనా తల వంచాల్సిందే. “ఊరు మునిగింది గనీ ఇల్లు మునగలేదు కోడలా” అన్నాడు మామ దర్వాజ మీద చెయ్యి వేసి.

అక్కడి నుంచి వేములవాడ. సిరిసిల్లకు పన్నెండు కిలోమీటర్ల దూరం. కోడెమొక్కు చెల్లించేవాళ్ల వరుసలో నిలబడి రాజన్నను చూసుకున్నాం. తరతరాలుగా దర్గాను తన ఒడిలో పెట్టుకున్న గుడి అని ఈ క్షేత్రానికి పేరు. పదో శతాబ్దంలో ఈ ఊరు చాళుక్యుల రాజధాని. కన్నడ ఆదికవి పంపడు ఇక్కడి అరికేసరి కొలువులో ఉన్నాడు. పంపడి తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద చెక్కించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు కందపద్యాలకు మనకు దొరికిన తొలి ఆనవాళ్లలో అదొకటి. ఒకే రాయి మీద మూడు భాషలు వెయ్యేళ్లకు పైగా ఇరుకు లేకుండా కూచున్నాయి. కవి సినారె పుట్టిన హనుమాజీపేట కూడా ఈ పక్కనే. ఈ నేలకు కలుపుకోవడం కొత్త కాదు.

వేములవాడ నుంచి కథలాపూర్ మీదుగా కోరుట్ల చేరేసరికి సాయంత్రమైంది. దారి పొడుగునా ఊళ్ల మొదట్లోనే గల్ఫ్ ఇళ్లు కనబడతాయి. రెండంతస్తులు, ముందు స్తంభాలు, మెరిసే స్టీలు రెయిలింగు, రంగు అద్దాల కిటికీలు. చాలావాటిలో పై అంతస్తు తాళమేసే ఉంటుంది. కట్టినవాడు దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటాడు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టుపక్కల ఆడవాళ్లు మేస్త్రీతో మాట్లాడి, వీడియో కాల్‌లో భర్తకు గోడ గోడా చూపిస్తూ కట్టించిన ఇళ్లివి.

చిన్నమ్మ కూతురిల్లు అలాంటిదే. చెల్లె నన్ను గది గదికీ తిప్పి చూపించింది. హాలుకు పాలరాయిలాంటి టైల్స్, పడకగదికి చెక్క రంగు టైల్స్, పిల్లల గదికి నీలం, వంటింటికి నలుపూ తెలుపూ గళ్లు, వరండాకు పూల డిజైను. గుజరాత్ మోర్బీ నుంచి దిగిన సరుకు. కరీంనగర్ గుట్టల్లోంచి తీసిన గోధుమ ఎరుపు గ్రానైటు చైనా దాకా పోతుంది, చెల్లె ఇంట్లో అది వంటగట్టు మీద జానెడు మాత్రమే ఉంది. సీలింగులో పీవోపీ పూలు, పూల మధ్య నీలి వెలుగు, దాని పక్కన తెల్ల వెలుగు, షాండ్లియర్‌లో పసుపు వెలుగు. విడివిడిగా ప్రతిదీ ముచ్చటగా ఉంది. పది నిమిషాలు కూచుంటే కళ్లు అలిసిపోయాయి. ఇంటిల్లిపాదీ చెల్లె అత్తగారి చిన్న గదిలో, నవారు మంచం చుట్టూ చేరి కూచోవడం గమనించాను. అతిథులు వస్తే తప్ప హాల్లో ఎవరూ కూచోరట.

“అక్కా, ఏమన్న మార్చాల్నా?” అంది చెల్లె. చిన్నబాపు గుడ్డ నా సంచిలోనే ఉంది. పడుగు తెగిపోయిన ఇల్లు ఇది అని నా మనసులో ఒక తీర్పు తయారైపోయింది. అప్పుడే మరిది ఫోను చేశాడు. పన్నెండేళ్లుగా దుబాయిలో కరెంటు పని. వీడియోలో ఇరుకు మంచాల వరుస ముందు నిలబడి నవ్వుతున్నాడు.

“ఇల్లు సూసినవా వదినా? మంచిగున్నదా?”

“మంచిగుంది మరిదీ. గదికో రంగు ఎందుకు పెట్టించావు?”

కాసేపు ఆగాడు. “ఈడ పన్నెండేండ్లసంది ఒకే తీరు గోడ వదినా. పది మందిమి ఒక రూంల పంటం. మంచాలు ఒకటే తీరు, దుప్పట్లు ఒకటే తీరు, కంపెనీ అంగీ ఒకటే తీరు. మనింట్ల మాత్రం ఏ అర్రకు ఆ అర్ర వేరే ఉండాలె అనుకున్న.”

నా దగ్గర మాట లేదు. ఫోను చెల్లె చేతికిచ్చి బయట వరండాలో నిలబడ్డాను. ఒక్క తీరు అనేది కొందరికి అందం, కొందరికి శిక్ష. ఆ మనిషి పన్నెండేళ్ల కోరికను నేను టైల్స్ లెక్కతో కొలవబోయాను. ఆ ఇంట్లో తీసేయాల్సింది ఏమీ లేదు. అన్ని రంగుల్లోంచీ పోయే ఒక్క పోగు కావాలి, అంతే. దానికి అందుబాటులో ఉన్నది వెలుగు.

రాత్రి ఎనిమిదింటికి కోరుట్ల బజారుకెళ్లి ఒకే రకం బల్బులు పన్నెండు తెచ్చాం. ఎల్‌ఈడీ డబ్బా మీద కెల్విన్ అని ఒక అంకె ఉంటుంది. 3000 దగ్గర ఉంటే దీపంలాంటి పసుపు వెలుగు, 6500 అంటే నీలం కలిసిన తెలుపు. ఈ రెండూ ఒకే గదిలో కలిస్తే ఒకే గోడ రెండు గోడల్లా, ఒకే టేకు రెండు చెక్కల్లా కనిపిస్తుంది. అన్నీ 3000వే బిగించాం. నీలి పట్టీ ఆపేశాం. అయిదు డిజైన్ల నేలలు అలాగే ఉన్నాయి, కానీ వాటన్నిటి మీదా ఒకే వెచ్చటి రంగు పరుచుకుంది. బీరువాలో అట్టపెట్టెలో దాచిన పులి రగ్గు గురించి చెల్లె సిగ్గుపడుతూ చెప్పింది. మరిది మొదటి జీతంతో కొని పంపినది. పాతబడిందని లోపల పెట్టేసిందట. తీయించి హాల్లో దివాను మీద పరిచాం. అత్తగారు నెమ్మదిగా వచ్చి దాని మీద కూచుంది. చెల్లె ఫోటో తీసి దుబాయికి పంపింది.

మర్నాడు జగిత్యాల కోట చూశాను. 1747లో కట్టిన కోట. ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో నక్షత్రం ఆకారంలో కట్టారు, చుట్టూ కందకం ఉంది. ఫిరంగి గుండ్లకు తట్టుకోవడానికి యూరపు కనిపెట్టిన కోణాల బురుజులు ఇక్కడి రాతితో, ఇక్కడి సున్నంతో, ఇక్కడి మనుషుల చేతుల మీద లేచాయి. గీత వాళ్లది, రాయి మనది. గోడ మీద నడుస్తూ ఉంటే పరాయిదన్న భావనే రాదు. రాయి అనే పడుగు గీతనంతా తనలోకి నేసేసుకుంది.

కలిపి కట్టుకోవడం ఒకప్పుడు ఉన్నవాళ్లకే చెల్లింది. హైదరాబాద్‌లో వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసిన ఫలక్‌నుమాలో ఇటలీ తీరూ, ఇంగ్లండు ట్యూడర్ తీరూ కలిశాయి. మన గడీల్లోనూ పరాయి కమానులు, స్తంభాలు, మన భవంతి వాకిలి పక్కపక్కన కనిపిస్తాయి. 1978 సెప్టెంబరు 7న ఈ జగిత్యాలలోనే రైతు కూలీలు జైత్రయాత్ర చేశారు. ఆ తర్వాత చాలామంది దొరలు గడీలకు తాళాలేసి పట్నం చేరారు. వెట్టితో లేచిన ఆ గోడల్లో ఎన్ని దేశాల సొగసు ఉన్నా, మోసినవాళ్లకు అందులో కూచునే చోటు లేదు. చిన్నమ్మ స్టీలు స్టాండూ, మరిది రగ్గూ, మామ దర్వాజా ఎవరు మోశారో వాళ్ల ఇంట్లోనే ఉన్నాయి. నాకు ఈ కలయికే పెద్దదిగా కనబడింది.

తిరుగు బస్సులో చిన్నమ్మ ఇచ్చిన బట్ట నా ఒళ్లో ఉంది. ఇరవై మీటర్ల పచ్చి నూలు. ఇంటికెళ్లగానే డిజైనర్ అమ్మాయిని పిలిచి ఆ బట్టా, చిన్నబాపు నమూనా గుడ్డా ముందు పెట్టాను. స్టైల్ పేరు చెప్పలేనని, ఇలా ఉండాలని చెప్పాను. ఆ అమ్మాయి గుడ్డను వెలుగుకు పట్టి చూసి “అర్థమైంది” అంది. నేల ఉన్నదే ఉంచుదామంది. అన్ని కిటికీలకూ ఈ బట్టే. బల్బులన్నీ ఒకే అంకె. గోడలన్నిటికీ ఈ బట్ట రంగుకు దగ్గరి సున్నపు తెలుపు. పాత వస్తువు ఉన్న గోడకు ఇంకేదీ తగిలించకూడదు. టేకు రంగు ఒక్క సందుగలోనే ఉంటే ఒంటరిగా కనిపిస్తుందని, అదే చెక్క ఛాయ అల్మారా పిడులకూ, అద్దం చట్రానికీ పెట్టింది. మా అబ్బాయి తెల్ల టేబులు సందుగ పక్కనే కూచుంది. దేన్నీ వదులుకోలేదు.

ఉయ్యాల ఒక్కటే మిగిలింది. మా అత్తయ్య పుట్టింటి మండువాలో దూలాలకు వేలాడిన బల్ల అది. మన భవంతీ, వాళ్ల మండువా రెండూ ఆకాశానికి తెరిచిన నడిమింటికి రెండు పేర్లు. ఫ్లాటుకు ఆకాశమూ లేదు, దూలమూ లేదు. స్లాబుకు ఎక్కడపడితే అక్కడ కొక్కెం బిగిస్తే ప్రమాదం. బిల్డింగు నక్షా తెప్పించి, ఇంజనీరుకు చూపించి, బీము ఎక్కడుందో గుర్తించి, దానికి ఇనుప పట్టీలు వేసి నాలుగు కొక్కేలు బిగించాం. అందుకోసం హాల్లో టీవీ గోడ మారింది, సోఫా పక్కకు జరిగింది. మామ దర్వాజ కోసం గోడ మందం పెంచినట్టు, మేమూ ఒక వస్తువు కోసం ఇంటిని కాస్త జరిపాం. తొమ్మిదేళ్లుగా మూటగట్టి ఉన్న ఇత్తడి గొలుసులను అత్తయ్య చింతపండుతో తనే తోమింది.

గృహప్రవేశమై మూడు నెలలైంది. అత్తయ్య రాత్రిపూట ఉయ్యాల మీద కూచుని కాలి బొటనవేలితో నేలను తడుతూ ఊగుతుంది. గొలుసు కిర్రుమంటూ ఉంటుంది. మా గదిలోకి ఆ చప్పుడు సన్నగా వినిపిస్తూ ఉంటుంది. మొన్న ఒక రాత్రి నాకు ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. ఎందుకో మొదట అర్థం కాలేదు. గొలుసు చప్పుడు ఆగింది. మా ఆయన అప్పటికే లేచి కూచున్నాడు. ఇద్దరం హాల్లోకి వెళ్లి చూశాం. అత్తయ్య ఉయ్యాల మీదే నిద్రపోయింది. మా అబ్బాయి దిండు ఆమె తల కింద ఉంది, కిటికీకి మిగలగా మడిచి పెట్టిన సిరిసిల్ల బట్ట ఆమె మీద కప్పి ఉంది.